పక్కన మెంటరు లేనిదే నేర్చుకోరాదు

మా సంస్థలో ఎలుకలు నేర్చుకుంటాయి. మనుషులు నేర్చుకుంటున్నారా లేదా అని మొన్నమొన్నటి దాకా ఎవరూ అడగలేదు. అడిగినప్పటి నుంచే ఈ గొడవంతా.

సంస్థ అంటే మెదడు మీద పరిశోధన చేసేది. ఊరి బయట, ఒకప్పటి పొగాకు గోడౌన్ల పక్కన మూడంతస్తుల మేడ. కింది అంతస్తులో ఎలుకల గది. వాటికి మేత వేసి, నీళ్ళు పెట్టి, కింద పరిచిన పొట్టు మార్చడం నా పని. అంతకు ముందు గొర్రెలు కాశాను. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి పోతాయి. ఎలుక తన దారి తానే వెతుక్కుంటుంది. నాకు తెలిసిన తేడా అంతే.

వకుళ డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్ల. ఊళ్ళో కాలేజీ నుంచి మా దగ్గరకు ప్రాజెక్టు పనికి వచ్చేది. వాళ్ళ నాన్న ఆటో స్టాండు దగ్గర పంక్చర్లు వేస్తాడు. ఆమెకు పని చూపించే బాధ్యత షరీఫ్‌ది. షరీఫ్ అంటే పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. కుర్రాడంటే, మీసం నెరుస్తున్న కుర్రాడు.

మొదటి రోజు ఎలుకను ఎలా పట్టాలో ఒకసారి పట్టి చూపించి, "ఇప్పుడు నువ్వు పట్టు" అన్నాడు. ఆమె పట్టింది. అది కరిచింది.

"కరిచిందా? ఇంకొంచెం వెనక్కి పట్టు" అని చెప్పి టీ తాగడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఆమెకు పట్టడం వచ్చేసింది. అప్పట్లో మా సంస్థలో చదువు అలా ఉండేది. చాలా వెనకబడి ఉండేదని తరువాత డైరెక్టరు గారు చెబితే తెలిసింది.

వకుళ చేసే పని ఇదీ. ఒక చెక్కపెట్టె, లోపలంతా మలుపులు, ఒక మూల వేరుశెనగ పప్పు. ఆరు ఎలుకలకు ఆ దారి నేర్పాలి. ఇంకో ఆరింటికి ఏమీ నేర్పకూడదు. కొన్నాళ్ళు పెట్టె కనపడకుండా దాచి, మళ్ళీ వదిలి, దారి గుర్తుందో లేదో చూడాలి. ఆ పైన అన్నింటికీ మత్తిచ్చి, మెదడు తీసి, అప్పడం కంటే పల్చగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. నేర్చుకున్న మెదడుకూ నేర్చుకోని మెదడుకూ తేడా ఎక్కడుందో అప్పుడు కనిపిస్తుందట.

హైదరాబాదులో ఒక పెద్ద పరిశోధనాలయం ఉంది. అక్కడ పై చదువుకు సీటివ్వడానికి మార్కులు చూడరట. "నీ చేతులతో నువ్వు చేసిన పని పట్టుకురా" అంటారట. ఏటా నలుగురైదుగురినే తీసుకుంటారు. వేసవిలో ఇంటర్వ్యూ. వకుళ పట్టుకుపోవడానికి ఆ పన్నెండు మెదళ్ళు తప్ప ఇంకేమీ లేదు.

"వస్తుందా బాబాయ్ నాకు?" అని అడిగేది, పెట్టె తుడుస్తూ.

"ఎలుకలు బాగానే తింటున్నాయి" అనేవాణ్ణి.

ఇంతలో పై నుంచి తనిఖీ బృందం వచ్చింది. అన్ని గదులూ తిరిగి, భోంచేసి, చివర్లో ఒక ప్రశ్న అడిగింది. "మీ దగ్గర మెంటర్లెందరు?"

డైరెక్టరు వైకుంఠరావు గారు, "మా దగ్గర అందరూ పని చేస్తారండీ" అన్నారు.

మెంటరంటే పక్కనే ఉండి దారి చూపేవాడట; డైరెక్టరు గారిది తప్పు జవాబట. సంస్థ గ్రేడు ఒక మెట్టు దిగింది.

మరుసటి సోమవారం అందరినీ హాల్లోకి పిలిచారు. డైరెక్టరు గారు శాలువా సర్దుకుని మైకు ముందు నిలబడ్డారు.

"ప్రియ సహోద్యోగులారా! అభ్యసనమనేది ఏకాంత ప్రక్రియ కాదు. అది ఒక సహయాత్ర. ఇంతకాలం మన విద్యార్థులు అనాథల వలె నేర్చుకున్నారు. ఆ దుస్థితికి నేటితో తెర దించుతున్నాం." తరువాత సర్క్యులర్ చదివారు. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సంస్థ ఆవరణలో ఏ అభ్యాసకుడు గానీ, అభ్యాసకురాలు గానీ, ఏ దశలోనైననూ, పక్కన మెంటరు లేనిదే నేర్చుకోరాదు. అట్లు నేర్చుకొనిన యెడల అది నేర్చుకున్నట్టు పరిగణింపబడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఊడ్చే మస్తానమ్మ నా పక్కన నిలబడి, "అంటే ఏం చెయ్యాలంట చెంచయ్యన్నా?" అని అడిగింది.

"చప్పట్లు కొట్టాలంట" అన్నాను. కొట్టింది.

షరీఫ్‌ను శిక్షణకు పంపారు. నాలుగు రోజులు ఏసీ హోటల్లో ఉండి, మెడలో నీలం బ్యాడ్జీతో తిరిగొచ్చాడు. అక్కడ నేర్పింది ఒకటే. మెంటరనేవాడు చేసి చూపించకూడదు. జవాబు చెప్పకూడదు. ప్రశ్నే అడగాలి. అదీ మెత్తగా అడగాలి.

ఆ వారమే ఒక ఎలుక వకుళ చేతిలోంచి జారి బల్ల మీదకు దూకింది. అక్కడి నుంచి నేల మీదకు.

"అన్నా, తలుపు వెయ్యి!"

షరీఫ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తలుపు వెయ్యాలని నీకు ఎందుకనిపిస్తోంది?"

"అన్నా, కాలవలోకి పోతుంది!"

"పోతే ఏమవుతుందని నీ భయం? ఆ భయాన్ని కాసేపు గమనించు."

నేను తలుపు వేశాను. షరీఫ్ నా వంక బాధగా చూశాడు. "బాబాయ్, ఆమె నేర్చుకునే అవకాశాన్ని నువ్వు లాగేసుకున్నావు."

సాయంత్రం బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. "ఏమీ అనుకోకు వకుళా. జవాబు చెబితే నాకు రిమార్కు పడుతుంది. నా థీసిస్ మీద డైరెక్టరు గారి సంతకం ఇంకా కాలేదు."

"జవాబులు వద్దులే అన్నా. తలుపన్నా వెయ్యి" అంది వకుళ.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ మా డైరెక్టరు గారు ఒక పని మొదలుపెడితే చివర దాకా ఆలోచిస్తారు. షరీఫ్ మెంటరుగా ఉండటం నేర్చుకుంటున్నాడు. నేర్చుకుంటున్నాడంటే అభ్యాసకుడే. అభ్యాసకుడికి పక్కన మెంటరు ఉండాలి. అందుకని షరీఫ్‌కు ఒక లెక్చరరు గారిని మెంటరుగా వేశారు. ఆయనకు పచ్చ బ్యాడ్జీ. ఆయనా కొత్తే కాబట్టి ఆయనకు ఒక ప్రొఫెసరు గారు. ఎర్ర బ్యాడ్జీ. ప్రొఫెసరు గారికి స్వయంగా డైరెక్టరు గారు. బంగారు రంగు బ్యాడ్జీ.

మరి డైరెక్టరు గారికి? సభలో ఎవరో అడగనే అడిగారు. ఆయన కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, "నాకు నా అంతరాత్మే మెంటరు" అన్నారు. నియమం ప్రకారం మెంటరు పక్కనే ఉండాలి కాబట్టి ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, మీద తెల్ల తువ్వాలు పరిచారు. ఎక్కడికి పోయినా ఆ కుర్చీ వెంట పోయేది. మోసేది నేనే.

మస్తానమ్మ ఒకరోజు చెప్పు సరిచేసుకోవడానికి దాని మీద కూర్చుంది. పెద్ద గుమస్తా కేకలేశాడు. "లే, లే! అది అంతరాత్మ కుర్చీ!"

"ఎప్పుడొస్తారండీ ఆయన?" అంది మస్తానమ్మ లేస్తూ. "తుడిచి పెడతాను."

ఇక వకుళ ఎలుకను చేతిలోకి తీసుకోవాలంటే వెనక షరీఫ్ ఉండాలి. షరీఫ్ వెనక పచ్చ బ్యాడ్జీ, దాని వెనక ఎర్ర బ్యాడ్జీ, ఆ వెనక డైరెక్టరు గారు, ఆ పక్కన తువ్వాలు. ఎలుకల గదిలో అన్ని కుర్చీలు పట్టక పెట్టెను వరండాలోకి మార్చారు. ఎలుక పెట్టెలో దిగి, పైకి చూసి, తొంగి చూస్తున్న మొహాలన్నీ చూసి, మూలకు ముక్కు పెట్టి కూర్చునేది.

"దీనికి ప్రేరణ లోపించింది" అనేవారు ఎర్ర బ్యాడ్జీ ప్రొఫెసరు గారు.

"ఆ లోపం గురించి మీకేమనిపిస్తోంది?" అని అడిగేవారు డైరెక్టరు గారు.

వకుళ కష్టపడి ఆ ఆరింటికీ దారి నేర్పింది. వీళ్ళందరూ మధ్యాహ్నం భోజనాలకు లేచినప్పుడు షరీఫ్ ఒక్కడే ఉండిపోయి, బ్యాడ్జీ తిరగేసుకుని, గోడ వైపు చూస్తూ నిలబడేవాడు. ఆ కాస్త సేపట్లో అయిన పనే పని.

తరువాత పెట్టె దాచారు. గడువు గడిచి మళ్ళీ ఎలుకలను వదిలే రోజు దగ్గరకొచ్చింది. ఆ రోజు దాటకూడదు. దాటితే, గుర్తు ఎంత కాలం నిలుస్తుందన్న లెక్కే పాడవుతుంది. కానీ ఒకరుంటే ఒకరుండటం లేదు. పచ్చ బ్యాడ్జీ వస్తే ఎర్ర బ్యాడ్జీ మెంటర్ల సమావేశంలో ఉండేది. ఎర్ర బ్యాడ్జీ వస్తే డైరెక్టరు గారు మెంటర్ల మెంటర్ల సమావేశంలో ఉండేవారు. ఒక రోజు అందరూ కుదిరారు గానీ తువ్వాలు ఉతకడానికి వేశారు.

ముందు రోజు వకుళ డైరెక్టరు గారి గదికి పోయింది. కుర్చీ తేవడానికి నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, రేపు వదలాలి. రేపు కాకపోతే ఇన్నాళ్ళ పనీ పోతుంది. ఇంటర్వ్యూకు నా దగ్గర ఇంకేమీ ఉండదు."

"రేపు మార్గదర్శక మహోత్సవం కదమ్మా! నువ్వు ప్రార్థనాగీతం పాడాలి. మీ బ్యాచ్ తరఫున కృతజ్ఞతలు కూడా చెప్పాలి."

"ఎలుకలు ఆగవు సార్."

"చూడమ్మా, ఫలితం కంటే ప్రక్రియ ముఖ్యం. ఆ సంగతి ఎలుకలకూ తెలియజేసే మార్గం ఆలోచిద్దాం."

మహోత్సవం నాడు పొద్దున్నే మేడంతా ఖాళీ అయింది. ఆడిటోరియంలో నాదస్వరం మోగుతోంది. వకుళ ఎలుకల గది ముందు నిలబడి ఉంది. తాళం చెవి నా దగ్గర ఉంటుంది. ఆమె అడగలేదు. నేను తీశాను.

ఆమె పెట్టె తెచ్చి గది మధ్యలో పెట్టుకుంది. ఎదురుగా ఒక్క కుర్చీ కూడా లేదు. మొదటి ఎలుక దిగింది. కాసేపు మీసాలు కదిలించింది. కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, పప్పు దగ్గరకు పోయింది. రెండోదీ పోయింది. ఒకటి మాత్రం సగం దారిలో ఆగిపోయి వకుళ గుండె ఆపినంత పని చేసింది. ఒళ్ళు నాక్కుని, తీరిగ్గా బయలుదేరి అదీ పోయింది. ఆరూ మరిచిపోలేదు. నేర్పని ఆరూ పెట్టెలో అటూ ఇటూ తిరిగి, తిరిగి, అలిసిపోయాయి. అవి అలా తిరగాల్సిందేనట.

వకుళ నేల మీద కూర్చుని ఏడ్చింది. "బాగా వచ్చింది బాబాయ్" అంది. మైకులో ఎవరో ఆమె పేరు పిలుస్తున్నారు, కృతజ్ఞతలు చెప్పమని.

మర్నాడు ఆ సంతోషం ఆపుకోలేక షరీఫ్‌కు చెప్పింది. షరీఫ్ ఎగిరి గంతేశాడు. గంతేసినప్పుడు మెడలో బ్యాడ్జీ వచ్చి గడ్డానికి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ సంగతి తన మెంటరుకు చెప్పక తప్పదని. ఆయన ఆయన మెంటరుకు చెప్పారు. మధ్యాహ్నానికి అంతరాత్మ దాకా పోయింది.

విచారణ కమిటీ కూర్చుంది.

"నీకు పక్కన ఉండి నేర్పిందెవరు?" అడిగారు డైరెక్టరు గారు.

"ఎవరూ లేరు సార్."

పచ్చ బ్యాడ్జీ లెక్చరరు గారు ముందుకు వంగారు. "అంటే మెంటరు లేకుండానే ఒక విద్యార్థి నేర్చుకోగలిగితే, ఇక మనమంతా..."

ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చేయనివ్వలేదు. డైరెక్టరు గారు చెయ్యెత్తారు. "అటువంటిది జరగదు. జరగనిదాన్ని విచారించలేం. కాబట్టి మెంటరు ఉన్నారు. వారెవరో తేల్చడమే ఈ కమిటీ కర్తవ్యం."

షరీఫ్ లేచాడు. "సార్, నేను ఆడిటోరియంలో కూర్చున్నానే గానీ మనసు ఎలుకల గదిలోనే ఉంది."

"మనసు మహోత్సవంలో లేదని ఒప్పుకుంటున్నావా?"

షరీఫ్ కూర్చున్నాడు.

"చెంచయ్యా, నువ్వు అక్కడున్నావటగా. ఏమైనా ప్రశ్నలు అడిగావా?"

"లేదండి."

"ప్రోత్సహించావా?"

"లేదండి. తాళం తీశాను."

"మెంటరు లక్షణాలు లేవు" అని రాయించారు.

మళ్ళీ వకుళ వైపు తిరిగారు. "సరిగ్గా గుర్తు చేసుకో. నీకెవరు నేర్పారు? చెప్పకపోతే నువ్వు నేర్చుకున్నట్టే కాదు. ప్రాజెక్టు రద్దవుతుంది."

వకుళకు ఒళ్ళు మండిపోయింది. "ఎలుకలే నేర్పాయి సార్! తప్పుగా పడితే కరిచాయి. సరిగ్గా పడితే ఊరుకున్నాయి. ఇంకెవరు నేర్పుతారు?"

ఇక పిల్లను బయటికి పంపేస్తారనుకున్నాను. ఎర్ర బ్యాడ్జీ ప్రొఫెసరు గారు మెల్లగా అన్నారు, "తక్షణ ప్రతిస్పందన."

"పక్షపాతం లేని మూల్యాంకనం" అన్నారు పచ్చ బ్యాడ్జీ.

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అంతే కాదు. ఒక్కసారైనా జవాబు చెప్పలేదు!"

ఆ వారమే ఉత్తర్వులొచ్చాయి. దారి నేర్చిన ఆరు ఎలుకలకు మెంటరు హోదా ఇచ్చారు. నేర్వని ఆరింటికి అర్హత లేదని తీర్మానించారు. చిన్న చిన్న బ్యాడ్జీలు చేయించి మెడలో కట్టారు. తెల్లారేసరికి తినేశాయి. హోదాను జీర్ణించుకోవడం గొప్ప వినయమని డైరెక్టరు గారు మెచ్చుకుని, బ్యాడ్జీల బదులు బోనులకు పేరుపలకలు పెట్టించారు. ఇక మీదట వాటిని "వారు" అనాలన్నారు. నాకేం, అలాగే అంటున్నాను. వారు రాత్రిపూట బాగా కొరుకుతారు.

వకుళ ప్రాజెక్టు రద్దు కాలేదు. ఇక మెదళ్ళ పని ఒక్కటే మిగిలింది. షరీఫ్‌ను వెంటబెట్టుకుని డైరెక్టరు గారి దగ్గరకు పోయింది.

"సార్, ఇక మత్తిచ్చి మెదళ్ళు తీయాలి."

"ఎవరివి?"

"ఎలుకలవి సార్. పన్నెండూ."

డైరెక్టరు గారు పెన్ను కింద పెట్టారు. "మెంటరు తల కోస్తావా?"

"నిన్నటి దాకా అవి ఎలుకలే కదా సార్!"

"నిన్నటి దాకా నేనూ ఇన్‌ఛార్జి డైరెక్టర్నే. హోదా వచ్చాక వెనక్కి పోదమ్మా."

షరీఫ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఎప్పటికైనా వీలవుతుందా?"

"పదవీ విరమణ తరువాత. నిబంధనల ప్రకారం అరవై రెండేళ్ళు."

"ఎలుక రెండు మూడేళ్ళే బతుకుతుంది సార్" అంది వకుళ.

"సర్వీసులో ఉండగా పోతే సంస్థ తరఫున సంతాప సభ జరుగుతుంది. స్వచ్ఛంద విరమణ సౌకర్యం కూడా ఉంది. కానీ అది వారే స్వయంగా కోరుకోవాలి." ఆమె మొహం చూసి ఆయనకు జాలి వేసినట్టుంది. "ఏమీ నేర్చుకోనివి ఆరున్నాయి కదా, వాటిని కోసుకో. వాటి విషయంలో సంస్థకు ఏ అభ్యంతరమూ లేదు."

ఈ మాట మస్తానమ్మకు చెబితే చీపురు ఆపి నిలబడింది. "నేర్చుకుంటే బతకనిస్తారు, నేర్చుకోకపోతే కోసేస్తారు. బడిలో ఈ ముక్క ముందే చెప్పుంటే నేనూ చదివేదాన్ని చెంచయ్యన్నా" అంది.

వకుళ ఆ ఆరింటినీ కోసింది. కోసేటప్పుడు పక్కన మెంటరు ఉండాలి కాబట్టి మెంటర్ల బోన్లు మోసుకొచ్చి బల్ల మీద వరసగా పెట్టాను. పని జరిగినంత సేపూ వారు పప్పు తింటూ చూశారు. పొరలు గాజు పలకల మీద ఉల్లిపొర లాగా పరుచుకున్నాయి. షరీఫ్ చూసి, ప్రశ్నలేవీ అడగకుండా, "ఇంత బాగా నాకే రాదు" అన్నాడు. బ్యాడ్జీ ఆ రోజు మెడలోనే ఉంది.

కొత్త బ్యాచ్ పిల్లలను ఆ ఆరు బోన్లకూ పంచారు. నెల తిరక్కుండా పిల్లల అభిప్రాయాలు తీసుకుంటే మిగతా బ్యాడ్జీలన్నిటి కంటే వీరికే ఎక్కువ మార్కులొచ్చాయి. మధ్యలో అడ్డు తగలరని, ఫోను చూసుకోరని, వెతికినప్పుడు గదిలోనే దొరుకుతారని పిల్లలు చెప్పారు. తనిఖీ బృందం మళ్ళీ వచ్చింది. మెంటర్లెందరని అడిగింది. ఈసారి డైరెక్టరు గారు తడుముకోలేదు. గ్రేడు రెండు మెట్లు ఎక్కింది.

వేసవిలో వకుళ ఆరు మెదళ్ళ పలకలు పెట్టెలో సర్దుకుని హైదరాబాదు బస్సెక్కింది.

తిరిగొచ్చి నేరుగా ఎలుకల గది గుమ్మంలో కూర్చుంది. నేను మంచినీళ్ళిచ్చాను. సగం తాగి పక్కన పెట్టింది.

"పలకలు చూశారు బాబాయ్. ఒకరి తరువాత ఒకరు చూశారు. 'పనితనం బాగుంది, ఎవరు కోశార'న్నారు. నేనే అన్నాను."

"ఊఁ."

"'ఇవి నేర్చుకోనివి కదా. నేర్చుకున్న ఎలుకల మెదళ్ళెక్కడ?' అన్నారు."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. అవి ఉద్యోగంలో ఉన్నాయండీ అన్నాను."

బోనులో ఒకటి గింజ కొరుకుతోంది.

"సీటు?" అన్నాను.

"సగం పనికి సీటివ్వరంట. మిగతా సగం పట్టుకుని వచ్చే ఏడు రమ్మన్నారు."

వచ్చే ఏడుకు ఈ ఆరింటిలో ఎన్ని ఉంటాయో, ఉన్నా ఎవరు కోయనిస్తారో నేను అనలేదు. ఆమెకూ తెలుసు.

"నీ జవాబుకు నవ్వారా మరి?" అని అడిగాను.

"నవ్వుంటే బాగుండేది బాబాయ్. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, ఏ హోదాలో ఉన్నాయని అడిగాడు."